విసనకర్ర మీద ఏడో వాక్యం

బెంటన్‌విల్, ఆర్కాన్సా
10 మార్చి 2002

అక్కా,

నీ భోజనాల బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలున్నాయి? వాటిలో నీకు పేరు తెలియని మనిషి ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నాడు? జవాబు వెంటనే తట్టకపోతే ఈ ఉత్తరం చివరిదాకా చదువు. తట్టినా చదువు.

ప్రభువు కృప నీ ఇంటి మీదా, గోపాల్ బావగారి షుగరు మీదా ఉండుగాక. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆయన నవ్వుతారు. ఫోన్లో నేను రెండో మాట ఎత్తేసరికి "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి బావా" అంటారు. మీ పిస్కాటవేలో రోజుకి ఎన్నిసార్లు పాలు కాస్తారో నాకు తెలియదు. పౌలు భక్తుడు కూడా ఉత్తరాలే రాశాడు. కాగితం దగ్గర పాలు పొంగవు.

నేను వచ్చి ఏడాదిన్నర అవుతోంది. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే పని నడుస్తోంది. మార్కాపురంలో పలకల కార్ఖానాలో కోత మిషన్లకి చేసిన పనే, ఇక్కడ పానాలు ఇంకొంచెం పెద్దవి. శనివారాలు మన తెలుగు కుర్రాళ్లు, కంప్యూటర్ కాంట్రాక్టుల మీద వచ్చినవాళ్లు, నా అపార్ట్‌మెంట్‌కి వస్తారు. నేను ప్రార్థన చేస్తాను, వాళ్లు పులిహోర తింటారు. చాలామంది మన అమ్మలా వెంకటేశ్వరస్వామికి మొక్కేవాళ్లే. "అంకుల్, ప్రేయర్ కొంచెం షార్ట్ చెయ్యండి" అంటారు. తిరుపతయ్య అని పేరుండి చర్చివాడివెలా అయ్యావని ఒకడు అడిగాడు. పేరు అమ్మ పెట్టింది, పిలిచింది ఆయన అన్నాను.

అసలు సంగతికి వస్తాను. నేనొక పార్టీలో చేరాను. కోప్పడకు.

హెరాల్డ్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరయ్యాడు. ఆయన పెట్టింది నైబర్స్ పార్టీ. మన మాటలో పొరుగువారి పార్టీ. లూకా పదో అధ్యాయంలో, నా పొరుగువాడు ఎవరని ఒకడు ప్రభువుని అడుగుతాడు కదా, అక్కడి నుంచి తీసుకున్న పేరు. ఇక్కడి పెద్ద పార్టీల్లో ఒకటి కడుపులో బిడ్డ ప్రాణం గురించి మాట్లాడుతుంది, ఆ తల్లికి జీతం చాలుతోందా అని అడగదు. ఇంకోటి జీతం గురించి మాట్లాడుతుంది, దేవుడి పేరు వస్తే మొహం తిప్పుకుంటుంది. హెరాల్డ్ రెండూ ఒకే నోటితో మాట్లాడతాడు. యూరప్‌లో యుద్ధమయ్యాక ఇలాంటి పార్టీలే కూలిన దేశాలని లేపి నిలబెట్టాయట.

ఇక్కడి చర్చిల్లో ఉక్కపోతకి అట్ట విసనకర్రలు పంచుతారు. ఒకవైపు బొమ్మ ఉంటుంది. మా పార్టీ విసనకర్ర ముందువైపు ఆ లూకా కథలోని సమరయుడు, దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ణి లేపుతున్న బొమ్మ, వెనకవైపు పన్నెండు వాక్యాలు అచ్చువేశారు. మొదటిసారి చేతికిస్తే విసురుకుంటూ చదివాను. ఏడో వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "పరదేశి మన బల్ల దగ్గర కూర్చుంటాడు." లేవీయకాండం పంతొమ్మిది, ముప్పై నాలుగు. నేను లేచి, నా విరిగిన ఇంగ్లీషులో ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఇప్పుడు నన్ను బ్రదర్ టీ అంటున్నారు. పన్నెండు వాక్యాల పక్కనా లేఖనాలు వేసే పని నాకే ఇచ్చారు. నాకు ఓటు లేకపోతేనేం, నోరుంది.

ఒక విసనకర్ర ఇందులో పెట్టాను. బావగారి చేత కూడా చదివించు.

ప్రభువు పొలంలో కూలివాడు,
నీ తమ్ముడు తిరుపతయ్య


పిస్కాటవే, న్యూజెర్సీ
2 ఏప్రిల్ 2002

తమ్ముడూ తిరుపతీ,

నా బల్ల చుట్టూ ఆరు కుర్చీలున్నాయి. రెండింటి మీద ఉతికిన బట్టలు కూర్చున్నాయి. పేరు తెలియని మనిషి అంటావా, హాస్పిటల్లో పన్నెండు గంటలు అలాంటివాళ్లనే పక్కకి తిప్పి పడుకోబెట్టి వస్తున్నాను. ఇంటికొచ్చాక పేరు తెలిసినవాళ్లు చాలు నాకు.

నీ విసనకర్ర చాలా పనికొచ్చింది. ఈ ఇంట్లో పోపు వేస్తే చాలు, పైన స్మోక్ అలారం అరుస్తుంది. మీ బావగారు కుర్చీ ఎక్కి దాని కింద మీ పన్నెండు వాక్యాలతో విసురుతున్నారు. "మీ తమ్ముడి పార్టీ వల్ల మొదటిసారి ఒక ఇంటికి మేలు జరిగింది" అన్నారు.

వాక్యాలు చదివాన్రా. బాగున్నాయి. నాకు భయమేసింది కూడా. అన్నీ మంచి మాటలే చెప్పేవాళ్లు గెలవాలని కూర్చున్న రోజున ఏది ముందు తీసేస్తారో, నువ్వు ఒక కన్నేసి ఉంచు. పాతికేళ్లు నర్సు ఉద్యోగం చేశాను. బరువు తగ్గించాలంటే ముందు ఎవరి మంచం జరుపుతారో నాకు తెలుసు.

ఇంకో మాట. 2005 నవంబరుకి నీకు ఐదేళ్లు పూర్తవుతాయి. అప్పుడు సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యాలి, మర్చిపోకు. నేను 1987లో చెయ్యెత్తి ఒట్టు పెట్టుకుని సిటిజన్ అయింది నిన్ను రప్పించడానికే. ఆ తర్వాత నీ వంతు రావడానికి పదమూడేళ్లు పట్టింది. నోరుంటే చాలదు.

పులిహోరలో ఇంగువ వెయ్యడం మరచిపోకు.

అక్క పద్మ


బెంటన్‌విల్
22 ఆగస్టు 2004

అక్కకి, నిన్న కోసిన టమాటా అంత తాజా వందనాలు,

కొత్త విసనకర్ర పంపుతున్నాను. లెక్కపెట్టి చూస్తావని తెలుసు, కాబట్టి నేనే చెప్తాను. పదకొండే ఉన్నాయి.

మూడోది పోయింది. ఆదివారం కొట్లు మూసి పనివాళ్లకి విశ్రాంతి ఇవ్వాలన్నది. హెరాల్డే బాధపడుతూ అడిగాడు. "బ్రదర్ టీ, ఈ ఊళ్లో సగం మంది కొట్లని నమ్ముకుని బతుకుతున్నారు. ఆదివారం షిఫ్టు తీసేస్తే వాళ్లు తిట్టేది మనల్నే. ఏమంటావు?" నేను లేచి, విశ్రాంతి దినం మనిషి కోసమేగాని మనిషి దానికోసం కాదని ప్రభువే చెప్పాడన్నాను. మార్కు రెండో అధ్యాయం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒక్క రెమ్మ కోస్తే చెట్టు చావదు కదక్కా. పోయినసారి గవర్నరు ఎన్నికలో నాలుగు శాతం వచ్చింది. మూడు శాతం కన్నా తగ్గితే పార్టీ పేరు బ్యాలెట్ మీద నుంచి తీసేస్తారు. దీపం ఆరకుండా ఉండాలంటే గాలికి చెయ్యి అడ్డుపెట్టాలి.

రస్సెల్ అని కొత్త కార్యదర్శి వచ్చాడు. అతను పాతికేళ్లు పనిచేసిన ఫ్యాక్టరీని మూసి, మిషన్లతో సహా దేశం దాటించారు. చివరి నెల అతని చేతే ఆ మిషన్లు ఊడదీయించి పెట్టెల్లో సర్దించారట. ఆ మాట చెప్తూ తన చేతులు చూసుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులే కళ్లముందు ఉన్నాయి. అతనికి నేనంటే ఇష్టమే. నా పులిహోర తింటాడు, పల్లీలు ఏరి పక్కన పెడతాడు.

బావగారిని కుర్చీలు ఎక్కవద్దని చెప్పు.

తిరుపతయ్య


పిస్కాటవే
14 నవంబర్ 2005

తిరుపతీ,

ఈ కవరులో నీ సిటిజన్‌షిప్ ఫారం ఉంది. సెలవు పెట్టుకుని కూర్చుని, నాకు తెలిసినంతవరకు పెన్సిల్‌తో నింపాను. నాన్న పేరు, పలకల కార్ఖానా, నువ్వు వచ్చిన తేదీ అన్నీ రాశాను. నువ్వు పెన్నుతో దిద్ది, కింద సంతకం చేసి పంపితే చాలు. ఫోటోలు మాత్రం తీయించుకో. నవ్వకు, అవి నవ్వితే తీసుకోరు.

పదకొండు వాక్యాల విసనకర్ర కూడా వంటింట్లోనే వేలాడదీశాను. పాతదాని కన్నా అట్ట పలచగా ఉంది. అలారం ఆగడానికి ఎక్కువసేపు పడుతోంది.

కింద బేస్‌మెంట్ గది స్టూడెంట్లకి అద్దెకిచ్చాం. తెలంగాణ పిల్లలు ఇద్దరు. "ఆంటీ, కూర మస్తుంది" అంటారు. వాళ్లు బల్ల దగ్గరే తింటున్నారు. నీ ప్రశ్నకి జవాబు ఇదీ, పేర్లు తెలిశాయి కాబట్టి నువ్వు లెక్కలోకి తీసుకోవేమో.

సంతకం చెయ్యి. ఆలస్యం చెయ్యకు.

అక్క


బెంటన్‌విల్
8 జనవరి 2006

అక్కా,

ఫారం తిరిగి పంపుతున్నాను. సంతకం చెయ్యలేను. నువ్వు పెన్సిల్‌తో రాసిన నాన్న పేరు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అయినా చెయ్యలేను. చివర్లో చెయ్యెత్తి ఒట్టు పెట్టుకోవాలి. దానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. ఎందుకని అడగకు. అది అందరికన్నా ముందు నీకే చెప్పాల్సిన సంగతి, అందుకే నీకు చెప్పలేను.

పార్టీవాళ్లకి నేను ఓటర్ని కానని తెలియదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. నేను తలుపులు కొడతాను, వాళ్లు ఓట్లేస్తారు. మోషే కూడా దేవుడు ఇస్తానన్న ఆ దేశంలో కాలు పెట్టలేదు, దారి మాత్రం చూపించాడు.

పార్టీ కబుర్లు అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. ఈసారి తొమ్మిది వాక్యాలు. కూలివాడి జీతం గురించిన రెండోదీ, బీదల వైద్యం గురించిన ఐదోదీ తీసేశారు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చేత్తో పట్టుకుని నేను పోట్లాడాను. పట్టి ఉంచిన జీతం కేకలు వేస్తుందని రాసి ఉంది, చదవండన్నాను. రస్సెల్ మెల్లగా "అది నాకు కంఠతా వచ్చు బ్రదర్ టీ. గెలిచాక మళ్లీ పెట్టుకుందాం" అన్నాడు. ఏడోది ఉందిగా అని ఊరుకున్నాను. ఏడోది ఉన్నంతకాలం ఉంటాను.

నా మీద కోపం తెచ్చుకోకు.

తిరుపతయ్య


పిస్కాటవే
1 ఫిబ్రవరి 2006

తిరుపతయ్యా,

కారణం అడగను. తెలిసిపోయింది. నేను ఆ హాల్లో చెయ్యెత్తి ఒట్టు పెట్టుకున్నప్పుడు నా పక్కన అమ్మ ఫోటో ఉంది, పర్సులో. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ ఒట్టు పెట్టుకోకపోతే నువ్వు ఈ దేశంలో ఉండేవాడివి కాదు. నీ మనస్సాక్షికి అది మురికిగా కనిపిస్తే, ఆ మురికి చేసినదాన్ని నేను. మరి నాతో నీకేం పని.

నువ్వు పెద్ద భక్తుడివి. నేను ఒట్టు పెట్టుకున్నదాన్ని. పండగలకి ఫోన్ చేస్తాను, బాగున్నావా అని అడుగుతాను. ఉత్తరాలు వద్దు.

పద్మ


బెంటన్‌విల్
27 జూన్ 2010

అక్కా,

నాలుగేళ్లయింది. రాయొద్దన్నావు, రాయలేదు. ఫోన్లో బాగున్నానన్నాను. ఈరోజు రాయకపోతే నేను చర్చిలో ప్రభువు బల్ల ముందు మోకరించే యోగ్యత కూడా పోగొట్టుకుంటాను. చదివి చించెయ్యి, కాని చదువు.

నిన్న మా మహాసభ జరిగింది. అద్దెకి తీసుకున్న హాలు, ఏసీ ఉంది. విసనకర్రలు బల్ల మీద కట్టలుగా అలాగే పడున్నాయి. వాటి ముందువైపు సమరయుడి బొమ్మ తీసేసి జెండా వేశారు. రస్సెల్ లేచి ఏడో వాక్యం తీసెయ్యాలని ప్రతిపాదించాడు. "అది ఉన్నంతకాలం మనకి మూడు శాతం రాదు. మూడు రాకపోతే పార్టీయే ఉండదు. జనం ఆ వాక్యం చదివి తలుపు వేసేస్తున్నారు. ఆ తలుపులు నేనే కొట్టాను, నాకు తెలుసు" అన్నాడు. అబద్ధం కాదక్కా, అవి నేనూ కొట్టిన తలుపులే.

మా పద్ధతి నిలబడి లెక్కపెట్టించుకోవడం, ఓటర్లుగా నమోదైనవాళ్లకే ఆ హక్కు. తీసెయ్యాలన్నవాళ్లు ముందు లేచారు. హెరాల్డ్ ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ముప్పై ఒకరు. ఉంచాలన్నవాళ్లు లేచారు. తనతో కలిపి ముప్పై. సమానమైతే ఉన్న వాక్యం ఉన్నట్టే నిలుస్తుంది, అది నిబంధన. ఇంకొక్క మనిషి లేస్తే చాలు.

హెరాల్డ్ నా వైపు చూశాడు.

"ఏం బ్రదర్ టీ, మోకాలు పట్టేసిందా? లే."

"లేవలేను."

"కూర్చునే చెయ్యెత్తు, ఫర్వాలేదు. నీ వాక్యమే కదా అది."

"నేను ఓటర్ని కాదు హెరాల్డ్. నేను ఈ దేశ పౌరుణ్ణి కాదు."

రస్సెల్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఎనిమిదేళ్లుగా నువ్వే కదా మా వీధుల్లో తిరిగి ఓటెయ్యకపోవడం పాపమన్నావు" అన్నాడంతే. నా వెనక ఒక ముసలావిడ "పాపం, వదిలెయ్యండి" అంది. ఆ జాలి నాకు కొరడాలా తగిలింది. హెరాల్డ్ కళ్లద్దాలు తుడుచుకుని ముప్పై ఒకటి, ముప్పై అని చదివి సుత్తి కొట్టాడు.

మూడోది పోయినప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణి నేను. రెండోది పోయినప్పుడు ఊరుకున్నవాణ్ణీ నేనే. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి లేవడానికి నాకు కాళ్లు లేవు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెప్తాను. నీ ఒట్టు నాకు ఎప్పుడూ మురికి కాదు. మురికి నాది.

నాకు తొమ్మిదేళ్లు, నీకు పద్నాలుగు. కార్ఖానా నుంచి నాన్న తెచ్చిన పలకల పెట్టె పగిలింది గుర్తుందా? పగలగొట్టింది నేను. అమ్మ నిలదీస్తే నీ తల మీద చెయ్యి పెట్టి "అక్క మీద ఒట్టు, నేను కాదు" అన్నాను. ఆ సాయంత్రం నీ ఒళ్లు కాలిపోయింది. టైఫాయిడ్. ఇరవై ఒక్క రోజులు. నీ జడ మొత్తం ఊడిపోయి అమ్మ దాన్ని గుడ్డలో మూటకట్టింది. నేను చూరు కింద కూర్చుని, ఒట్టు వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక నా చెయ్యి నేలకేసి రుద్దుకున్నాను.

పంతొమ్మిదేళ్లప్పుడు కార్ఖానా గేటు దగ్గర ఎవరో పంచిన మత్తయి సువార్త చేతికొచ్చింది. ఐదో అధ్యాయంలో అసలు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు ప్రభువు. నీ తల మీద కూడా వద్దు, ఒక్క వెంట్రుకని తెలుపో నలుపో చెయ్యడం నీ వల్ల కాదు అన్నాడు. వెంట్రుక అన్న మాట చదివి ఆ గేటు దగ్గరే కూలబడ్డాను. నేను ప్రభువుని నమ్మింది ఆ రోజే. ఇంకెప్పుడూ ఒట్టుకి చెయ్యి ఎత్తనని ఆ రోజే అనుకున్నాను.

నీ ఫారం మీద సంతకం చెయ్యకపోవడానికి ఇదే కారణం. క్షమించమని అడగడానికి నలభై ఏళ్లు ఆలస్యమైంది.

తిరుపతి


పిస్కాటవే
5 జూలై 2010

ఒరేయ్ పిచ్చివాడా,

చించలేదు. మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన పొయ్యి మీద పాలు అనలేదు, టీవీ కట్టేశారు.

పెట్టె నువ్వు పగలగొట్టడం నేను చూశాన్రా. గుమ్మంలో నిలబడే ఉన్నాను. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు అది చల్లగా తగిలింది. ఎందుకో తెలుసా? అప్పటికే నాకు జ్వరం. రెండు రోజుల నుంచి ఉంది. స్కూల్లో నాటకం, నాకు రాణి వేషం. జ్వరమని తెలిస్తే పంపరని అమ్మకి చెప్పలేదు. కిరీటం పెట్టుకుంటే తల పగిలిపోయేది, అయినా రిహార్సల్‌కి వెళ్లొచ్చాను. నర్సుగా చెప్తున్నాను విను. టైఫాయిడ్ నీళ్లలో వస్తుంది. ఆ క్రిమి ఒంట్లోకి చేరి పది పదిహేను రోజులకి గాని జ్వరం పైకి రాదు. నీ ఒట్టు కన్నా చాలా ముందే అది నాలో ఉంది. నువ్వు చేసింది అబద్ధం, అంతే. నేను చేసిందీ అబద్ధమే. అమ్మ ఇద్దరి దగ్గరా మోసపోయింది, పాపం.

ఇన్నేళ్లు ఇది మోశావు. ఒక్కసారి అడిగితే అరనిమిషంలో దించేదాన్ని. నేను మాత్రం తక్కువా, కారణం తెలిసిపోయిందని రాసి తలుపు వేసేశాను. నన్ను నువ్వు క్షమించు.

ఇప్పుడు అసలు మాట. ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. 1987లో ఆ హాల్లో నా పక్కన ఒక కెన్యా ఆవిడ ఉంది. వాళ్ల చర్చివాళ్లు కూడా నీలాగే ఒట్టు పెట్టరట. ముందుగా చెప్పుకుంది, ఒప్పుకున్నారు. మేమంతా ఒట్టు పెడుతున్నాం అన్నచోట ఆమె గట్టిగా మాట ఇస్తున్నాను అంది. ఆమెకీ మాతోపాటే సర్టిఫికెట్ ఇచ్చారు. నువ్వు ఎందుకు వద్దంటున్నావో ఆరోజే రాసి ఉంటే ఇది ఆరోజే రాసేదాన్ని. ముప్పై ఒకటికి ముప్పై ఒకటి అయ్యేది.

పెన్సిల్‌తో నింపిన ఫారం పాతదైపోయింది. కొత్తది పెట్టాను. ఈసారి పెన్నుతోనే రాశాను.

అక్క


బెంటన్‌విల్
11 నవంబర్ 2012

అక్కకీ, టీవీ కట్టేసిన బావగారికీ,

మే నెలలో కోర్టులో నా వంతు వచ్చినప్పుడు "మాట ఇస్తున్నాను" అన్నాను. ఆఫీసరు తల ఊపాడు. అంతే అక్కా. దాని కోసం పన్నెండేళ్లు.

మొన్న మంగళవారం జీవితంలో మొదటిసారి ఈ దేశంలో ఓటేశాను. బ్యాలెట్ మీద పై నుంచి కింద దాకా రెండుసార్లు వెతికాను. పొరుగువారి పార్టీ లేదు. నీకు ఫోన్లో చెప్పాను కదా, 2010లో ఏడో వాక్యం తీసేసి నిలబడితే వచ్చింది ఒక్క శాతం. బయటివాడి మీద కోపమున్నవాళ్లకి ఆ కోపాన్ని మా కన్నా గట్టిగా అరిచేవాళ్లు వేరే ఉన్నారు. మా దగ్గరికి ఎందుకు వస్తారు? మా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ విసనకర్ర కోసమే వచ్చేవాళ్లు. దాన్ని మేమే చించుకున్నాం. ఉప్పు సారం కోల్పోతే దేనితో ఉప్పగా చేస్తారని ప్రభువు అడిగింది మమ్మల్నే.

సెప్టెంబరులో ఆఖరు సమావేశం హెరాల్డ్ గరాజ్‌లో జరిగింది. తొమ్మిది మందిమి. హెరాల్డ్ చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఏడో వాక్యాన్ని తిరిగి చేర్చాలని నేను ప్రతిపాదించాను. "పార్టీయే లేదు కదా, దేంట్లో చేరుస్తావు?" అన్నాడు రస్సెల్. "ముగింపులోనైనా మన మాట మనదై ఉండాలి" అన్నాను. లేచాను అక్కా. మోకాలు నిజంగానే పట్టేసింది, అయినా లేచాను. నాతోపాటు ఇంకో ముగ్గురు లేచారు. హెరాల్డ్ లేవలేడు, ఒళ్లో ఉన్న విసనకర్ర పైకెత్తాడు. ఐదు, నాలుగు. తర్వాత పార్టీ మూసెయ్యాలన్నదానికి అందరం ఒప్పుకున్నాం. రస్సెల్ నాకు వ్యతిరేకంగానే లేచాడు. అయ్యాక గరాజ్ బయట "నా ట్రక్కు గేరు పడటం లేదు, చూస్తావా?" అన్నాడు. పానాలు నా కార్లో ఉన్నాయి. అక్కడే చూశాను.

తిరుపతి


పిస్కాటవే
27 సెప్టెంబర్ 2015

తిరుపతీ,

హెరాల్డ్ పోయి రెండేళ్లయినా వాళ్లింటి గడ్డి నువ్వే కోస్తున్నావట. ఆయన భార్య నాకు క్రిస్మస్ కార్డులో రాసింది. నీ పార్టీ అయిపోయింది, ఇప్పుడైనా కాస్త కూర్చో.

ఇక్కడ విశేషమేమీ లేదు. కింద గదిలో ఇప్పుడు దేదీప్య అని మాస్టర్స్ చదివే పిల్ల ఉంది. స్టేషన్ నుంచి మా వైపు వచ్చే సాయంత్రం బస్సు ఆపేస్తారట. ఆ బస్సులో వచ్చేది ఎక్కువగా ఇలాంటి పిల్లలూ, ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లూనూ. వాళ్లెవరికీ ఓటు లేదు, అడిగే దిక్కు లేదు. దేదీప్య హైవే పక్కన నడిచొస్తానంటోంది. మీ బావగారు కారు తీసుకెళ్తానంటారు, ఆయన చూపు సంగతి నీకు తెలుసు.

మా వీధి చివర రిటైరైన లైబ్రేరియన్ ఆవిడ, బస్సు ఉంచాలని కౌన్సిల్‌కి నిలబడింది. పోయినవారం ఓటడగడానికి వచ్చింది. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. కాని నా పేరు ఓటర్ల జాబితాలో ఎప్పుడూ లేదని ఆమెకి చెప్పలేకపోయాను. సిటిజన్‌నై ఇరవై ఎనిమిదేళ్లయింది, నమోదే చేయించుకోలేదు. నేను సిటిజన్ అయింది నీ కోసం, ఓటు కోసం కాదు. ఈ ముసలిదాని ఒక్క ఓటుతో ఆ బస్సు మిగులుతుందా చెప్పు.

నీ మొదటి విసనకర్ర అంచులు పోయాయి. అయినా పోపుకి అదే. తర్వాత వచ్చినవాటికి గాలి రాదు.

అక్క


బెంటన్‌విల్
5 అక్టోబర్ 2015

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి నిలబడి చదివాను.

ఒక్క ఓటుతో ఏమవుతుందని ఎవరిని అడుగుతున్నావు? ముప్పై ఒకటి, ముప్పై. ఆ రెండంకెలూ నేను రోజూ ప్రార్థనలో చదువుతాను. నోరుండి ఓటు లేనివాడు ఎలా ఉంటాడో ఆ హాల్లో కుర్చీకి అతుక్కుని చూశాను. ఓటుండి నోరు మూసుకున్నది ఎవరా అనుకునేవాణ్ణి. మా అక్కే అని ఇప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియక గోడౌన్‌లో ఒక ఫోర్క్‌లిఫ్టుకి నూనె రెండుసార్లు పోశాను.

నువ్వు కూర్చోమన్నావు. కూర్చోను. పార్టీ పోతే పోయింది. అది ఎలా పోయిందో నేను దగ్గరుండి చూశాను. ఎవరూ వచ్చి కూల్చలేదు. గెలవడానికి ఒకటి వదిలాం, నిలవడానికి ఇంకోటి వదిలాం, చివరికి వదలడానికి మేమే మిగిలాం. రస్సెల్ చెడ్డవాడు కాదు. హెరాల్డ్ పిరికివాడు కాదు. నేను దొంగను కాదు. అందరం మంచివాళ్లమే ఉండి, పరదేశిని లేపి పంపేశాం.

కాని ఆ ఏడో వాక్యం మా పార్టీ పుట్టించింది కాదక్కా. మోషే రోజుల నుంచీ ఉంది, అది ఉండటానికి మా అనుమతి అక్కర్లేదు. ఇప్పుడది మీ వీధి చివర వాచిన కాళ్లతో తలుపులు కొడుతోంది. నీ బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగి వెళ్లింది. నువ్వు గుర్తుపట్టలేదు.

నువ్వు ఒట్టు పెట్టుకున్నావు కాబట్టి నేను వచ్చాను. నేను ఈ దేశంలో తిన్న ప్రతి ముద్ద వెనకా నీ ఎత్తిన చెయ్యి ఉంది. నా కోసం అన్నావు. సరే, నేను వచ్చి పదిహేనేళ్లయింది. ఇప్పుడు ఆ చెయ్యి దేదీప్య కోసం ఎత్తు. ఆ పిల్లకి ఈ దేశంలో మాట లేదు. నీకుంది, ఇరవై ఎనిమిదేళ్లుగా వాడకుండా బీరువాలో పెట్టావు. యజమాని ఇచ్చిన తలాంతుని, ఆ సొమ్ముని, వాడకుండా మట్టిలో దాచినవాణ్ణి ప్రభువు మెచ్చుకోలేదు, మత్తయి ఇరవై ఐదులో.

మీ రాష్ట్రంలో నమోదుకి గడువు పదమూడో తారీకు మంగళవారం. ఫోన్ చేసి కనుక్కున్నాను. సోమవారం సెలవు. ఈ ఉత్తరం నీకు గురువారం అందుతుంది. మంగళవారం దాకా ఉందిలే అనుకుంటావని నాకు తెలుసు, నీ తమ్ముణ్ణి. జ్వరం రెండు రోజులు దాచినదానివి నువ్వు. చూద్దాంలే అని ఆరేళ్లు గడిపినవాణ్ణి నేను. మన ఇంటివాళ్లకి గడువు ఇవ్వకూడదు.

సర్టిఫికెట్ బీరువా పై అరలో, అమ్మ ఫోటో వెనక ఉంటుంది. తీసుకో. బావగారు డ్రైవ్ చెయ్యొద్దు, దేదీప్యని వెంట తీసుకుని బస్సులోనే టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్లు. నువ్వు సంతకం చేస్తుంటే ఆ పిల్లని పక్కనే నిలబెట్టుకో. తిరిగొచ్చేటప్పుడు వీధి చివర ఆవిడ తలుపు నువ్వు కొట్టు.

పోపు మాడినా ఫర్వాలేదు, పొయ్యి కట్టెయ్యి. ఈ కాగితం మడిచి బల్ల మీద పెట్టు. చెప్పులు వేసుకో అక్కా. రేపు కాదు, భోజనమయ్యాక కాదు. ఈ ఉత్తరం చేతికందిన ఈ రోజే, ఇప్పుడే లే.

తిరుపతి